గుంటలో పడిన తెల్ల కారు, కొట్టంలోని జీపు



ఈ నెల ఈ పుటలో ఒక కారును గురించి వ్రాస్తున్నాను. "పాస్టరుగారికి కార్ల గొడవ ఎందుకు? ఆయనకున్నది పాత స్కూటరే కదా!" అని మా సంఘస్థులు నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోండి గాని చివరి వరకు చదవండి. ఎందుకంటే, మీ ఇంటి కొట్టంలోనో, అటక మీదనో పడివున్న పాత వస్తువును గురించిన సంగతి కూడా ఇందులో ఉంది.

గుడివాడకు దగ్గరలోని ఒక పల్లెలో మా సంఘ పెద్ద ఒకరున్నారు. డెబ్బయి దాటిన మనిషి. భార్య ప్రభువునందు నిద్రించి ఆరేళ్లయింది. ఒక్కడే కుమారుడు. అమెరికాలో నాష్‌విల్ అనే పట్టణంలో ఉద్యోగం. ఈ పెద్దాయనను నేను బాబాయిగారూ అని పిలుస్తాను. నిరుడు ఆయన మూడు నెలలు కుమారుని దగ్గర ఉండి, జూన్ నెలలో తిరిగి వచ్చారు. వచ్చిన వారం ఆరాధన ముగిశాక నన్ను భోజనానికి పిలిచారు. చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాక తన ఫోను నా చేతిలో పెట్టారు.

"అయ్యగారూ, మా అబ్బాయి నన్ను కార్ల మ్యూజియానికి తీసుకువెళ్లాడు. చూడండి."

మొదటి ఫొటోలో ఒక తెల్ల కారు. పైకప్పు లేదు. లోపల సీట్లు ఎర్రగా, పండిన మిరపకాయ రంగు. నిన్ననే షోరూమునుండి దించినట్టు ఉంది. రెండవ ఫొటోలో ఇంకొక కారు. దాన్ని కారు అనడానికే వీల్లేదు. రోడ్డు రోలరు కింద పడిన రేకుడబ్బాలాగా ఉంది. అయినా దాన్ని కూడా అద్దాల హాలులో, దీపాలు వేసి, పక్కన బోర్డు పెట్టి నిలబెట్టారు.

"ఇదేమిటి బాబాయిగారూ, యాక్సిడెంటా?"

"యాక్సిడెంటు కాదయ్యగారూ. నేల మింగింది. తెల్ల కారునూ మింగింది, దీన్నీ మింగింది. ఒకదాన్ని బాగుచేశారు, ఒకదాన్ని అలాగే ఉంచారు." కాసేపు ఊరకుండి మళ్లీ అన్నారు, "మావాడు మన జీపును కూడా ఆ తెల్ల కారులాగా చేయిస్తానంటున్నాడు. బాడీ మొత్తం తీసిపారేసి కొత్తది వేయిస్తాడట. డబ్బు కూడా పంపాడు. మీరు వాడికి ఫోను చేసి వద్దని చెప్పండి."

"ఎందుకు వద్దని చెప్పమంటారు?"

ఆయన జవాబు చెప్పలేదు. కొట్టం వైపు చూస్తూ కూర్చున్నారు.

కారణం తెలియకుండా తండ్రీకొడుకుల మధ్య మాట్లాడడం మంచిది కాదు. గనుక ముందు ఆ తెల్ల కారు కథ ఏమిటో తెలుసుకుందామని పూనుకున్నాను. తెలుసుకున్నది మీతో చెబుతాను.

ఆ కారు పేరు షెవ్రొలే కార్వెట్. కార్వెట్ అంటే యుద్ధనౌకల్లో చిన్నదై, వేగంగా పోయే ఒక రకం ఓడ. ఆ పేరే కారుకు పెట్టారు. 1953 జనవరిలో న్యూయార్కు నగరంలో వాల్డార్ఫ్ అస్టోరియా అనే పెద్ద హోటలులో జనరల్ మోటార్స్ కంపెనీవారు దీన్ని మొదటిసారి జనానికి చూపించారు. రెండో ప్రపంచయుద్ధంలో ఐరోపాకు వెళ్లిన అమెరికా సిపాయిలు అక్కడి చిన్న, తేలికైన, కప్పులేని కార్లను చూసి మురిసిపోయి వచ్చారు. అటువంటిది మన దేశంలో ఎందుకు చేయకూడదని, ఆ కంపెనీలో నమూనాలు గీసే శాఖకు పెద్దగా ఉన్న హార్లీ ఎర్ల్ అనే ఆయన పట్టుబట్టి చేయించాడు.

ఆ సంవత్సరం జూన్ 30న మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ పట్టణంలో పని మొదలైంది. ఆ యేడు కట్టినవి 300 కార్లే. మూడు వందలూ తెల్లవే, మూడు వందలకూ లోపల ఎరుపే. పైన చేత్తో మడిచే నల్ల గుడ్డ టాపు. ఇద్దరికే చోటు. తలుపుకు బయట పిడి లేదు. చేయి లోపలికి పెట్టి తీసుకోవాలి. కిటికీలకు దించి ఎత్తే అద్దాలు కూడా లేవు. వాన వస్తే డిక్కీలో దాచిన తెరలు తీసి బిగించుకోవాలి. మన పాత జీపుకు వానాకాలంలో కట్టుకునే తెరలు జ్ఞాపకం వచ్చాయి కదూ? జీపు కూడా అమెరికా బిడ్డే. విల్లీస్ అనే కంపెనీవారి జీపును 1940ల చివరినుండి మహీంద్రావారు మన దేశంలో కట్టసాగారు. ఒకటి షికారుకు, ఒకటి బురదకు. అంతే తేడా.

పేరు గొప్ప గాని ఆ కారు మొదట్లో తడబడింది. ఇంజను ఆరు సిలిండర్లది, 150 గుర్రాల బలం, రెండే గేర్లు. చూడడానికి పందెపు గుర్రం, నడకలో బండి గుర్రం. 1955లో కేవలం 700 కార్లు కట్టారు. ఇక మూసివేద్దామనే మాట కూడా వచ్చింది. ఆ ఏడే ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టారు. జోరా ఆర్కస్ డంటోవ్ అనే ఇంజనీరు దాన్ని నిజమైన పందెపు కారుగా మార్చడానికి ఏళ్ల తరబడి పాటుబడ్డాడు. అలా నిలబడి నేటికీ ఆ పేరుతో కార్లు వస్తూనే ఉన్నాయి.

ఇందులో మన బందరువారికి చుట్టరికం గల సంగతి ఒకటుంది. ఆ కారు బాడీ ఇనుప రేకు కాదు, ఫైబరు. గాజును సన్నని దారాలుగా తీసి, ఆ దారాల గుడ్డను అచ్చులో పరచి, పైన రెజిన్ పూస్తే గట్టిపడి పెంకులాగా అవుతుంది. గిలకలదిండి రేవుకు వెళ్లి చూడండి, మన జాలరి సహోదరులు సముద్రం మీదికి తీసుకువెళ్లే ఫైబరు పడవలు ఆ జాతివే. పడవ పగిలితే అదే గుడ్డ, అదే రెజిన్ వేసి అతుకు వేస్తారు. న్యూయార్కులో దొరలు గుమిగూడి చూసిన కారుకూ, మన రేవులో ఎండకు ఆరే పడవకూ ఒంటి చర్మం ఒక్కటే!

అయితే ఫైబరుకు తుప్పు పట్టదని ఆ కారు కలకాలం ఉంటుందనుకోకండి. పైచర్మం ఫైబరే గాని, లోపలి ఛాసిస్ ఉక్కు. పైన మెరుస్తూనే ఉంటుంది, అడుగున తుప్పు తినివేస్తూ ఉంటుంది. పాత కార్వెట్ కొనేవారు ముందు రంగు చూడరు. నేలమీద పడుకుని, కారు కిందికి దూరి, టార్చిలైటు వేసి ఛాసిస్ చూస్తారు. బందరు ఉప్పుగాలిలో కిటికీ ఊచలు, సైకిలు చువ్వలు ఏమౌతాయో ఎరిగిన మనకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. తుప్పును గూర్చి మనం చిన్ననాటినుండి వింటున్న మాట కూడా ఒకటుంది. దాన్ని ఇక్కడ మరల చెప్పను.

మరి డెబ్బయి ఏళ్ల కారు చెడకుండా ఎలా ఉంటుంది? తాళం వేసి దాచిపెడితే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. కదలని బండికి రోగాలు ఎక్కువ. పెట్రోలు జిగురుగా మారి కార్బురేటరులో గడ్డకడుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుని సిలిండరును లోపలినుండి తుప్పు పట్టిస్తుంది. రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి. టైరు ఒకే చోట నేలకు ఆని చదునౌతుంది. బ్యాటరీ చచ్చిపోతుంది. వైర్లను ఎలుకలు కొరుకుతాయి. ఒక పంటకాలమంతా తిప్పని ఆయిలింజను మళ్లీ నీళ్లు తోడడానికి ఎంత సతాయిస్తుందో రైతులకు తెలుసు. గనుక కార్లను నిజంగా కాపాడేవారు వాటిని అప్పుడప్పుడు బయటికి తీస్తారు. ఇంజను బాగా వేడెక్కేవరకు నడుపుతారు. వచ్చి తుడిచి, పొడిగా ఉండే చోట పెడతారు.

మన హైదరాబాదులో చౌమహల్లా పాలెస్‌లో ఒక పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని తయారు చేయమని ఇంగ్లండుకు ఆర్డరు పంపాడు. అది చేతికి రాకముందే 1911లో ఆయన మరణించాడు. తరువాత ఆ కారు తిరిగింది కొన్ని వందల మైళ్లే అంటారు. సింహాసనంవంటి సీటు ఉన్నది గాని, కోరి చేయించుకున్నవాడు ఒక్కసారైనా కూర్చోలేదు. కారును కాపాడడం వేరు, కారుకు బ్రతుకు ఉండడం వేరు.

ఇంకొక సంగతి నాకు ఆశ్చర్యం కలిగించింది. పాత కార్వెట్లను బాగుచేసేవారికి అక్కడ 1974నుండి ఒక సంఘం ఉంది. నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ అంటారు. వారు కార్లను పరీక్షించి మార్కులు వేస్తారు. ఇంజను మీద కొట్టిన నంబరు ఆ కారుదేనా, బోల్టులు ఆనాటివేనా, రంగు ఆనాటి తీరునే ఉందా అని చూస్తారు. రంగు ఆనాటి ఫ్యాక్టరీ రంగుకన్నా ఎక్కువ మెరిసినా మార్కులు తగ్గిస్తారు! కొత్తదానికన్నా మెరుగుగా చేశానని గొప్ప చెప్పుకుంటే అక్కడ చెల్లదు. ఉన్నది ఉన్నట్టుగా ఉన్నదా అన్నదే వారి ప్రశ్న.

ఇక ఆ గుంట సంగతికి వస్తాను.

నాష్‌విల్‌కు ఉత్తరాన దాదాపు 100 కిలోమీటర్ల దూరాన కెంటకీ రాష్ట్రంలో బౌలింగ్ గ్రీన్ అనే పట్టణముంది. 1981నుండి కార్వెట్ కార్లు అక్కడే కడుతున్నారు. ఆ ఫ్యాక్టరీ సమీపంలోనే 1994లో కార్వెట్ మ్యూజియం తెరిచారు. 2014 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున, ఇంకా ఎవరూ రాకముందు, ఆ మ్యూజియంలో అలారం మ్రోగింది. వచ్చి చూస్తే గుండ్రని హాలు మధ్య నేల లేదు. సుమారు 30 అడుగుల లోతు గుంట. ఎనిమిది కార్లు అందులో పడి, మట్టి, రాళ్లు, కాంక్రీటు ముక్కల కింద కూరుకుపోయాయి. పగటిపూట జనం తిరిగే హాలు అది. ఆ వేళలో ఒక్క ప్రాణి కూడా అక్కడ లేకపోవడం దేవుని కృప.

ఆ ప్రాంతపు నేల కింద సున్నపురాయి ఉంటుంది. వాననీరు ఇంకి ఇంకి రాయిని కరిగించి గుహలు చేస్తుంది. ఒకనాడు గుహ పైకప్పు కూలితే పైనున్నదంతా లోపలికి పోతుంది. మన డెల్టా అటువంటిది కాదు. మనది కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు నేల. మనకు భయం సముద్రం వైపునుండి. 1864 నవంబరులో ఉప్పెన వచ్చి బందరు ప్రాంతంలో సుమారు 30,000 మందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెనను గురించి నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపువారికి నేను చెప్పేదేముంది? అధికారుల లెక్క ప్రకారమే 10,000 ప్రాణాలు పోయాయి. నిలకడ అనుకున్న నేల ఒక్క పూటలో నిలకడ కాకుండా పోవడం మనం ఎరిగిన సంగతే. అక్కడ పోయినవి కార్లు, ఇక్కడ పోయినవి ప్రాణాలు. రెండింటినీ సమానం చేయడం నా ఉద్దేశం కాదు. పోయిన తరువాత మిగిలినదాన్ని ఏమి చేయాలనే ప్రశ్న మాత్రం ఒక్కటే.

క్రేన్లతో ఒక్కొక్క కారునూ పైకి తీశారు. నీలం రంగు కారు ఒకటి దెబ్బ తక్కువ తిన్నది. పైకి తెచ్చి స్టార్టు చేస్తే ఇంజను అందుకుంది! కొన్ని నజ్జునజ్జయ్యాయి. మొదట అన్నిటినీ బాగుచేద్దామనుకున్నారు. తరువాత కూర్చుని ఆలోచించి ఆ యేడు ఆగస్టులో ఒక నిర్ణయానికి వచ్చారు. మూడింటినే బాగుచేయాలి, అయిదింటిని గుంటలోనుండి వచ్చినవి వచ్చినట్టే ఉంచాలి.

ఎందుకు? ఆ అయిదింటినీ బాగుచేయాలంటే దాదాపు అన్ని భాగాలూ మార్చాలి. అన్నీ మార్చాక మిగిలేది పేరు మాత్రమే. అది ఆ కారు కాదు, ఆ కారు బొమ్మ. అంతకన్నా నలిగిన కారు తన కథ తాను చెప్పుకోవడం మేలనుకున్నారు. గుంటను పూడ్చారు. నలిగిన కార్లను జనం ముందు పెట్టారు. ఆ గుంట పడిన తరువాత మ్యూజియానికి వచ్చే జనం ఇంతకు ముందుకన్నా ఎక్కువయ్యారట.

బాగుచేసిన మూడింటిలో ఒకటి నేను ఫొటోలో చూసిన ఆ తెల్ల కారు. అది 1953 నాటిది కాదు. 1992 జూలై 2న ఆ ఫ్యాక్టరీలో కట్టిన పది లక్షలవ కార్వెట్. మొదటి మూడు వందల కార్ల జ్ఞాపకార్థం దానికి కూడా తెలుపు రంగు వేసి, లోపల ఎరుపు పెట్టి, కప్పులేకుండా కట్టారు. అది కడుతున్నప్పుడు ఫ్యాక్టరీలోని పనివారు దాని భాగాల మీద తమ సంతకాలు చేశారు. రంగు కింద, రేకు వెనుక, ఎవరికీ కనబడని చోట్ల. కారు పైకి తళతళలాడుతూ ఇరవై ఏళ్లు మ్యూజియంలో నిలబడింది. ఆ పేర్లు ఎవరూ చూడలేదు.

గుంటలో పడిన కారును విప్పుతున్నప్పుడు ఆ పేర్లన్నీ బయటపడ్డాయి. బాగుచేసేవారికి అక్కడ చిక్కొచ్చింది. నలిగిన భాగాన్ని తీసి కొత్తది పెట్టడం తేలిక. కాని పాత భాగంతో ఒక మనిషి పేరు పోతుంది. గనుక సంతకమున్న ప్రతి భాగాన్నీ పారేయకుండా నిలుపుకోవడానికి శ్రమపడ్డారు. ఏ విధంగానూ పనికిరాని ఒకటి రెండు భాగాల మీది సంతకాలను స్కాను తీసి, కొత్త భాగం మీద అలాగే అచ్చువేసి అతికించారు. నాలుగు నెలలకు పైగా పట్టింది. 2015 సెప్టెంబరులో ఆ కారును మరల జనం ముందు నిలిపారు.

ఇది తెలుసుకున్న సాయంకాలం నేను స్కూటరు మీద బాబాయిగారింటికి వెళ్లాను. ఆ సంతకాల సంగతి చెప్పాను. ఆయన కుమారుడు అది చూపించే ఉంటాడు గాని, ఇంగ్లీషులో వ్రాసిన బోర్డు ఈయనకు అర్థమై ఉండదు. ఆయన నా మాటలు విని, మారు మాట్లాడకుండా లేచి, కొట్టం తలుపు తీశారు.

జీపు మీద ఎరువు బస్తాల పట్టా కప్పివుంది. పట్టా తీసి, వెనుక డోరు దించి, లోపలి వైపు చూపించారు. ఆకుపచ్చ రంగు మీద మేకుతో గీసిన గీతలు. లెక్కపెట్టాను. ఏడు.

"మా తమ్ముడు గీశాడయ్యగారూ."

అప్పుడు చెప్పారు. ఆ జీపు వారి తండ్రిగారు 1968లో పాతదే కొన్నారట. ఉప్పెన వచ్చిన మూడో నాడు అన్నదమ్ములిద్దరూ బియ్యం బస్తాలు, కిరసనాయిలు, పాత బట్టలు వేసుకుని పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డకు బయలుదేరారు. రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లను నరికి దారి చేసుకుంటూ పోయారు. తమ్ముడు డ్రైవింగు, అన్న గొడ్డలి. వెళ్లి వచ్చిన ప్రతిసారి తమ్ముడు డోరు మీద ఒక గీత గీసేవాడు. అలా ఏడుసార్లు. వచ్చేటప్పుడు బండి ఖాళీగా రాలేదట. ఎవరిని తెచ్చారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

"మరి తమ్ముడుగారు?"

"పోయాడండి. పదకొండేళ్లయింది. పోకముందు తొమ్మిదేళ్లు మాకు మాటల్లేవు. గట్టు దగ్గర రెండు సెంట్ల భూమి. నేను సమాధికి వెళ్లాను గాని ఇంట్లోకి వెళ్లలేదు."

కొట్టంలో చీకటిపడింది. "ఈ సంగతి అబ్బాయికి తెలుసా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. "బాబాయిని ఎందుకు పిలవరు అని చిన్నప్పుడు అడిగితే కసిరాను. మళ్లీ అడగలేదు వాడు."

ప్రియ చదువరీ, ఆలోచించండి. ఆ కుమారుడు చెడ్డవాడా? కాడు. తాతగారి జీపు తుప్పు పట్టిపోతున్నదని బాధపడి, తన కష్టార్జితం పంపి, మెరిసేలా చేయిద్దామనుకున్నాడు. ప్రేమతోనే ఆ డోరును ఇనుప సామాన్లవాడికి వేసివుండేవాడు. ఎందుకంటే అది రేకు అనే అతనికి తెలుసు. అది బాబాయి చేతివ్రాత అని ఎవరూ చెప్పలేదు. బౌలింగ్ గ్రీన్‌లో పనివారు ఆ భాగాలను ఎందుకు పారేయలేదు? సంతకం అంటే ఏమిటో వారికి తెలుసు గనుక. మన ఇళ్లలో పాత వస్తువులు పోతున్నది పిల్లలకు ప్రేమ లేక కాదు. పెద్దలు నోరు విప్పక.

"అబ్బాయికి నేను ఫోను చేయను బాబాయిగారూ. మీరే చేయాలి" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. పాస్టరుగారిని ఒక్క పని అడిగితే చేయరా అన్నారు. నేను ప్రార్థన చేసి వచ్చేశాను.

రెండు వారాల తరువాత ఆయనే కబురు పంపారు. తండ్రీకొడుకులు ఒక రాత్రి గంటన్నరసేపు మాట్లాడుకున్నారట. జీపును లారీ మీద బెజవాడ ఆటోనగర్‌కు పంపించారు. అక్కడి పెద్ద మేస్త్రికి ఏమేమి చేయాలో, ఏమేమి చేయకూడదో కాగితం మీద వ్రాసి ఇచ్చారు. ఛాసిస్ తుప్పు గీకించి, పోయినచోట వెల్డింగు చేయించారు. బ్రేకులు, వైరింగు, టైర్లు కొత్తవి. ఇంజను విప్పి బాగుచేశారు. ముందు మడ్‌గార్డులకు టింకరింగు చేసి రంగు వేశారు. వెనుక డోరు మాత్రం ముట్టుకోలేదు. తుప్పు పెరగకుండా నూనె పూత పూసి వదిలేశారు. మేస్త్రి మొదట నవ్వాడట, "కొత్త బండికి పాత తలుపేమిటండీ" అని. కారణం చెప్పాక ఆ గీతల దగ్గరికి తన కుర్రవాళ్లను చేయి కూడా పెట్టనివ్వలేదట.

నవంబరు 19న బాబాయిగారు ఆ జీపులో అవనిగడ్డకు వెళ్లి వచ్చారు. బండి నడిపింది ఆయన తమ్ముడి కొడుకు. ఈయన స్వయంగా వెళ్లి ఆ ఇంటి గుమ్మంలో నిలబడి పిలిచారు. మరదలుగారు బయటికి రాలేదు. ఇన్నేళ్ల గాయం ఒక్క పిలుపుతో మానదు. అయినా కొడుకును పంపింది. తిరిగి వచ్చాక ఆ అబ్బాయి ఒక మేకు తీసుకుని, "పెదనాన్నా, ఎనిమిదోది గీయనా?" అని అడిగాడట. "వద్దురా, అవి మీ నాన్నవి. అలాగే ఉండనీ" అన్నారట ఈయన. నాకు ఆ మాట నచ్చింది.

ఇప్పుడు ప్రతి రెండో శనివారం ఆ కుర్రవాడు వచ్చి జీపును బయటికి తీసి, గుడివాడ వరకు తిప్పి తెస్తున్నాడు. బండికీ మంచిదే, పెద్దాయనకూ మంచిదే.

మన ఇళ్లలో తెల్ల కారు ఉండదు. అమ్మమ్మ కుట్టుమిషను ఉంటుంది. నాన్నగారి సైకిలు ఉంటుంది. గోడ గడియారం, ధాన్యం కొలిచే కుంచం, మొదటి ట్రాక్టరు ఉంటాయి. వాటిని గురించి నేను నేర్చుకున్నది మూడు మాటల్లో చెబుతాను.

మొదటిది, నడిచే వస్తువును నడుపుతూ ఉంచండి. కుట్టుమిషనుకు నెలకొకసారి నూనె వేసి రెండు గుడ్డలు కుట్టండి. గడియారానికి కీ ఇవ్వండి. బీరువాలో దాచితే భద్రమనుకోకండి.

రెండవది, బాగుచేయించే ముందు ఏది మార్చవచ్చో, ఏది మార్చకూడదో విడదీసుకోండి. బ్రేకు పాతదే ఉండాలని పట్టుబడితే ప్రాణం మీదికి వస్తుంది. చేతి గుర్తు ఉన్న చెక్కను నున్నగా చేయిస్తే మళ్లీ రాదు. పూర్తిగా నలిగినదాన్ని కొన్నిసార్లు నలిగినట్టే ఉంచడం మేలు.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. దాని సంగతి పిల్లలకు చెప్పండి. మంచిది మాత్రమే కాదు, తగవు కూడా చెప్పండి. చెప్పడానికి నోరు రాకపోతే ఒక కాగితం మీద వ్రాయండి. ఎవరిది, ఎప్పటిది, ఎవరి చేయి పడింది అని నాలుగు ముక్కలు వ్రాసి ఆ వస్తువుకే కట్టండి. మ్యూజియంలో నలిగిన కారు పక్కన బోర్డు లేకపోతే అది పాత ఇనుమే కదా.

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక గంట ఈ పని మీద పెట్టండి. కాగితం వ్రాస్తున్నప్పుడు ఎవరి పేరు దగ్గర మీ కలం ఆగిపోతుందో గమనించండి. ఆ మనిషి ఇంకా బ్రతికి ఉంటే, కాగితం పక్కన పెట్టి ముందు వారింటికి వెళ్లి రండి.

వచ్చే నెల మరల కలుసుకుందాం.